వేసవిలో మొలకలు: ఇంటిలో జాగ్రత్త, ఊరిలో బాధ్యత

చైత్రమాసములో శ్రీరామనవమి పందిళ్లలో పానకముతోపాటు వడపప్పు పంచిపెట్టుట మన తెలుగునాట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. నానిన పెసరపప్పు ఎండ వేళ ఒంటికి చలువ చేయునని మన పెద్దలు చెప్పుచుండిరి. పెండ్లిండ్లలో మట్టి పాలికలయందు నవధాన్యములు చల్లి అంకురార్పణ చేయుట మన మెరిగినదే. ఇక రైతు వడ్లు నానబోసి, మండె కట్టి, తెల్లని మొలక కనబడిన పిదపనే నారుమడిలో చల్లును. కావున గింజను మొలకెత్తించుట మన గ్రామములకు క్రొత్త విద్య కాదు.

అయినను మొలకెత్తిన పెసలు, బొబ్బర్లు ఆహారముగా వాడుకొనుచున్న ఇండ్లలో పెక్కుమంది ఎండలు ముదురగానే ఆ అలవాటు మానివేయుచున్నారు. దీనికి కారణమేమో మాకు ఒక గ్రామములో ప్రత్యక్షముగా తెలియవచ్చినది. గత వేసవిలో మేము ఆ గ్రామ పంచాయతీ కార్యాలయములో పోషకాహారమును గూర్చి మాటలాడుచుండగా, ఒక వార్డు సభ్యురాలు మూత పెట్టిన గిన్నె నొకదానిని తెచ్చి మా ముందుంచినది. "చూడండయ్యా, ఇవి నిన్న రాత్రి కట్టిన పెసలు. తెల్లవారేసరికి జిగురు పట్టాయి, పుల్లవాసన వస్తున్నది. పోయిన ఏడు ఇట్లాంటివే కడిగి పెడితే మా మనవడికి రెండు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. మొలకలు తినండి, తినిపించండి అని గోడల మీద వ్రాయించారు. ఎండాకాలంలో ఎట్లా చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇప్పుడివి పారబోయనా, పిల్లలకు పెట్టనా?" అని అడిగినది.

ఆమె ప్రశ్న న్యాయమైనది. పారబోయుమని మేము వెంటనే చెప్పితిమి. కాని ఏమి తినవలెనో చెప్పి, ఏ కాలములో ఎట్లు చేసికొనవలెనో చెప్పకపోవుట ప్రచారము చేయు మావంటి వారి లోపమే. ఆ లోపమును కొంతవరకైనను తీర్చుటకే ఈ వ్యాసము.

మొలకెత్తిన గింజలో కలుగు మార్పు

ఎండిన పెసరగింజ నిద్రించుచున్న ప్రాణి వంటిది. నీరు తగులగానే అది మేల్కొని శ్వాసించుట మొదలిడును. గింజలోని ఎంజైములు పనిచేసి, నిలువయున్న పిండిపదార్థమును, మాంసకృత్తులను మొలకకు ఉపయోగపడు సరళ పదార్థములుగా మార్చును. పప్పుధాన్యములు తిన్నప్పుడు కడుపుబ్బరము కలిగించు చక్కెరలు కొంత తగ్గును. గింజలోని ఇనుమును మన శరీరము గ్రహింపకుండ అడ్డగించు ఫైటేటు అను పదార్థము కూడ తగ్గును. ఎండుగింజలో దాదాపు లేని 'సి' విటమిను మొలకలో క్రొత్తగా పుట్టును.

ఈ చివరి విషయము శాస్త్రజ్ఞుల దృష్టి నాకర్షించి నూరేండ్లు దాటినది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, తాజా పండ్లు, కూరలు దొరకని సైనికులు చిగుళ్లనుండి రక్తము కారు స్కర్వీ వ్యాధితో బాధపడుచుండగా, లండనులోని లిస్టరు సంస్థలో హారియెట్ చిక్, మార్గరెట్ హ్యూమ్ అను మహిళా శాస్త్రజ్ఞులు 1917లో పప్పుధాన్యముల మొలకలకు ఆ వ్యాధిని నివారించు గుణము కలదని ప్రకటించిరి. తరువాత 1940 ప్రాంతమున నేటి హర్యానాలోని హిస్సారు జిల్లాలో కరవు వచ్చి స్కర్వీ వ్యాపించినప్పుడు, మొలకెత్తిన శనగలు పెట్టి ప్రజలను కాపాడిరి. పండ్లు లేని చోట పిడికెడు శనగలు, ఇంత నీరు ఆ పని చేసినవి.

నేడు మన గ్రామములలో స్కర్వీ భయము లేదు. రక్తహీనత భయము కలదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మంది, తెలంగాణలో నూటికి 70 మంది. మొలకలు దీనికి మందు కావు. వైద్య సిబ్బంది ఇచ్చు ఇనుప మాత్రలకు, మందులకు అవి బదులు కావు. కాని ప్రతి ఇంట తక్కువ వ్యయముతో చేసికొనదగిన మంచి ఆహారములలో మొలకలు ఒకటి. అట్టిదానిని మూడు నెలలపాటు వదలుకొనుట నష్టమే. చెడిన వాటిని పిల్లలకు పెట్టుట అంతకంటె పెద్ద నష్టము.

వేసవిలో ఏల చెడును?

మండె కట్టిన రైతునకు ఈ సంగతి సులభముగా బోధపడును. నానిన వడ్లను గోనెసంచులు కప్పి ఉంచినప్పుడు లోపల చేయి పెట్టినచో వెచ్చగా తగులును. గింజలు శ్వాసించుటచే పుట్టు వేడి అది. సమయమునకు విప్పి కలియబెట్టనిచో ఆ వేడికి మొలక మాడి వడ్లు కుళ్లిపోవును. పెసలకును ఇదే ధర్మము. పెసలు సుమారు 25 నుండి 30 డిగ్రీల వేడిలో చక్కగా మొలకెత్తును. రామగుండము, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీలు దాటిన దినములు కలవు. రేకుల కప్పు క్రింది వంటగదిలో మూత బిగించిన గిన్నెలో గింజలుంచినచో, బయటి వేడికి గింజల వేడి తోడై, గాలి చాలక, మొలక రాకముందే కుళ్లు మొదలగును.

రెండవ కారణము సూక్ష్మక్రిములు. అవి నీటిలో నుండవచ్చును, చేతికి, బట్టకు అంటియుండవచ్చును, గింజ పైపొర పగుళ్లలోనే దాగియుండవచ్చును. తేమ, వెచ్చదనము, ఆహారము మూడును ఒకచోట దొరికినప్పుడు కొన్ని జాతుల క్రిములు 20 నిమిషముల కొకమారు రెండింతలగును. ఆ లెక్కన ఒక్క క్రిమి 5 గంటలలో 32,768 క్రిములుగా పెరుగును. మొలకలకు కావలసిన వసతులే క్రిములకును కావలసినవి. చిక్కంతయు ఇందే కలదు.

ఇది మన ఎండలకు మాత్రమే పరిమితమైన అపాయము కాదు. చల్లని దేశమైన జర్మనీలో 2011లో ఒక తీవ్రమైన ప్రేగువ్యాధి ప్రబలి సుమారు నాలుగు వేలమంది జబ్బుపడిరి; 50 మందికి పైగా మరణించిరి. పచ్చిగా తిన్న మెంతి మొలకల ద్వారా అది వ్యాపించినదని విచారణలో తేలినది. మొలకలను ఎంత శుభ్రముగా పెంచినను, పచ్చిగా తినుటలో కొంత అపాయము మిగిలియే యుండునని దీనివలన గ్రహింపవలెను.

పగలు నీటిలో, రాత్రి గాలిలో

సాధారణముగా మనవారు రాత్రి గింజలు నానవేసి, ఉదయము గుడ్డలో కట్టి, పగలంతయు మొలకెత్తనిత్తురు. శీతకాలమునకు ఇది బాగుగనే యుండును. వేసవిలో ఈ క్రమమును తలక్రిందులు చేయవలెను. ఎండ వేళ గింజలు నీటిలో నుండవలెను. చల్లబడిన రాత్రివేళ మొలకెత్తవలెను. ఈ ఒక్క మార్పుతో సగము చిక్కు తీరును.

ముందుగా గింజల నేరుకొనవలెను. ఈ యేటి పంటలోని నిండు పెసలు మేలు. పుచ్చు గింజలను, విరిగిన వాటిని, మట్టిబెడ్డలను తీసివేయవలెను. విరిగిన గింజ మొలవదు. అదియే ముందుగా కుళ్లి తక్కిన వాటిని చెరచును. విత్తుటకై మందు పట్టించిన విత్తనములను ఎట్టి పరిస్థితిలోను తినుటకు వాడరాదు. వాటికి ఎరుపు, గులాబి, నీలము, ఆకుపచ్చ వంటి రంగు కలిపియుందురు. ఎన్నిమారులు కడిగినను ఆ విషము పోవునని నమ్మరాదు. విత్తన సంచిలో మిగిలిన గింజలను వంటకు వాడు అలవాటు ఏ ఇంటనైన ఉన్నచో వెంటనే మాన్పవలెను.

నలుగురున్న కుటుంబమునకు నూరు గ్రాముల పెసలు ఒక పూటకు చాలును. మొలకెత్తిన పిదప అవి బరువున రెండింతలకు మించును. ఒక పూటకు సరిపడునంత మాత్రమే కట్టవలెను. ఎక్కువ కట్టి నిలువయుంచుట వేసవిలో తగదు.

మధ్యాహ్నము 12 గంటలకు చేతులు సబ్బుతో కడుగుకొని, గింజలను మూడు నాలుగు నీళ్లలో కడిగి, వాటికి నాలుగింతల నీరు పోసి నానవేయవలెను. ఆ నీరు ముందుగా సలసల కాగి, మట్టికుండలో చల్లారినదై యుండుట మంచిది. గిన్నెను పొయ్యికి దూరముగా, మంచినీళ్ల కుండలుంచు చల్లని మూలన ఉంచవలెను. సుమారు 3 గంటల వేళ ఆ నీరు వంపివేసి క్రొత్త నీరు పోయవలెను. వేసవిలో ఆరేడు గంటల నానుడు పెసలకు చాలును. అంతకుమించినచో నీటిపై నురుగు కట్టి, గింజ ఊపిరాడక చెడును.

రాత్రి 7 గంటలకు నీరంతయు ఓడ్చి, మరల ఒకమారు కడిగి, చిల్లుల గిన్నెలో గాని, చిన్న వెదురు బుట్టలో గాని రెండు అంగుళములకు మించని మందమున పరచి, తడిపి పిండిన పలుచని నూలుగుడ్డ కప్పవలెను. మూట బిగించి కట్టరాదు. గింజకు తేమయు కావలెను, గాలియు కావలెను. అడుగున నీరు మాత్రము నిలువరాదు. ఆ గుడ్డను ప్రతిమారును నీటిలో మరిగించి ఎర్రని ఎండలో ఆరవేసిన పిమ్మటనే మరల వాడవలెను.

తెలంగాణములోను, రాయలసీమలోను వడగాలులు పొడిగా వీచును. అచ్చట ఒక వెడల్పాటి మట్టి మూకుడులో తడి ఇసుక పోసి, దానిపై గిన్నెనుంచి, చుట్టును తడి గోనెపట్ట చుట్టినచో, నీరు ఆవిరియగుచు లోపలి వేడిని లాగివేయును. కూజాలో నీరు చల్లబడుట ఇట్లే గదా! కోస్తా జిల్లాలలో ఉక్క యెక్కువ. గాలిలోనే తేమ నిండియుండుటచే తడి గోనె అంతగా పనిచేయదు. అచ్చట గింజలను మరింత పలుచగా పరచి, గాలి యాడు కిటికీ వద్ద నుంచి, మరి యొకమారు ఎక్కువగా కడుగవలెను.

నిద్రించుటకు ముందొకమారు, తెల్లవారుజామున లేవగానే ఒకమారు కాచి చల్లార్చిన నీటితో గింజలను కడిగి, నీరు పూర్తిగా ఓడ్చవలెను. కడుగుటచే వేడి తగ్గును, జిగురు పోవును. ఉదయము 7 గంటలకు పావు అంగుళము మొదలు అర అంగుళము వరకు మొలక వచ్చియుండును. అంత చాలును. ఇంకను పొడవు పెరుగవలెనని పగటి యెండవరకు ఉంచరాదు.

కొందరు మొలక చివర తెల్లని నూగును చూచి బూజు అనుకొని పారవేయుదురు. అవి వేరు నూగులు. వేరునకు మాత్రమే అంటియుండి, కడిగినప్పుడు అణగిపోవును. బూజు సాలెగూడువలె గింజలన్నిటిపై ప్రాకును. ముక్క వాసన వచ్చును. జిగురు, పుల్లవాసన, గోధుమరంగు, చేతికి వేడి తగులుట, వీటిలో ఏది కనబడినను గింజలను పెంటకుప్పలో వేయవలెనేగాని, కడిగి వాడరాదు. నూరు గ్రాముల పెసల వెల ఆసుపత్రి ప్రయాణపు వెలకంటె తక్కువ.

ఏ గింజలు తగును?

వేసవికి పెసలు అన్నిటికంటె తగినవి. త్వరగా నాని త్వరగా మొలచును. బొబ్బర్లు తరువాతివి. ఉలవలు మెట్టభూముల గింజలు. వేడిని ఓర్చును గాని, మొలకకు కొంత ఎక్కువ వ్యవధి పట్టును. శనగలు చలికాలపు పైరు. ముదురు వేసవిలో త్వరగా కుళ్లును గనుక వాటిని చలికాలమునకు విడుచుట మేలు. వేరుశనగలపై బూజు పట్టినచో విషపదార్థము పుట్టును గనుక వేసవిలో వాటిని మొలకెత్తించు ప్రయత్నము వలదు. రాజ్మా గింజలు మొలకెత్తినను, మొలకెత్తకున్నను, బాగుగా ఉడికింపక తినరాదు.

ఉడికించియే పెట్టవలెను

ఉడికించినచో విటమిను పోవునుగదా అని చదువుకొన్నవారు అడుగుదురు. కొంత పోవుట నిజమే; అంతయు పోదు. పది నిమిషములు ఇడ్లీ పాత్రలో ఆవిరిపై ఉడికించి, దింపిన పిదప నిమ్మరసము పిండినచో పోయిన 'సి' విటమిను తిరిగి చేరును. గింజలోని ఇనుము ఒంటబట్టుటకును అది తోడ్పడును. ఉల్లిపాయ, కొత్తిమీర, కొంచెము ఉప్పు చేర్చి తాళింపు వేసినచో పిల్లలు ఇష్టముగా తిందురు. తెలంగాణమువారి గుడాలు, కోస్తావారి గుగ్గిళ్లు వండు పద్ధతి మనకుండనే యున్నది. మొలకలతోను అట్లే చేయవచ్చును. చిన్నపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, జబ్బుపడి లేచినవారికి పచ్చి మొలకలు పెట్టరాదు. చిన్నపిల్లలకు గొంతులో గింజ అడ్డుపడకుండ మెత్తగా మెదిపి పెట్టవలెను.

వండిన మొలకలను ఆ పూటనే తినవలెను. పచ్చి మొలకలను ఒకనాడు ఉంచవలసివచ్చినచో రిఫ్రిజిరేటరులోనే ఉంచవలెను. కరెంటు గంటల తరబడి పోయినచో దాని చల్లదనమును నమ్మరాదు.

ఎండయే సాయపడు పని

మొలకలకు ఎండ శత్రువనుకొంటిమి. రాగుల విషయములో అది మిత్రుడు. రాగులను కడిగి, నానబెట్టి, పైన చెప్పినట్లే మొలకెత్తించి, సన్నని మొలక కనబడగానే శుభ్రమైన గుడ్డపై పలుచగా పరచి, పైన మరియొక గుడ్డ కప్పి ఎర్రని ఎండలో గలగలలాడునట్లు ఎండబెట్టవలెను. చేతితో నలిపి మొలకలు రాల్చి, చెరిగి, దోరగా వేయించి విసరినచో మొలకరాగుల పిండి సిద్ధమగును. గాలి చొరని డబ్బాలో ఇది చాల దినములు నిలువయుండును.

మామూలు రాగిజావ కొంచెము పిండికే చిక్కబడును; పసిబిడ్డ మ్రింగలేడు. పలుచన చేసినచో కడుపు నిండును గాని బలము చాలదు. మొలకెత్తిన రాగులలోని ఎంజైములు పిండిని పలుచబరచును. కాబట్టి అదే గిన్నెడు జావలో ఎక్కువ పిండి ఇమిడి, బిడ్డకు ఎక్కువ శక్తి అందును. ఆరు నెలలు నిండి తల్లిపాలతోపాటు ఇతరాహారము మొదలుపెట్టిన బిడ్డలకు దీనిని బాగుగా ఉడికించి పెట్టవచ్చును. వేసవి ఎండను వృథా పోనీయక, ప్రతి తల్లియు ఒకమారైనను ఈ పిండి చేసికొనుట మంచిది.

పంచాయతీ బాధ్యత

ఇదంతయు ఇల్లాలి పని, పంచాయతీకి ఏమి సంబంధమని కొందరు అనుకొనవచ్చును. మేము ఆ గ్రామములో ఆ సభ్యురాలి వెంట ఆమె ఇంటికి వెళ్లితిమి. గింజలు మంచివే, గిన్నెయు శుభ్రమే. నీరెక్కడిదని అడుగగా వీధికొళాయిని చూపినది. ఆ కొళాయి మురుగుకాలువ ప్రక్కన ఒక గుంటలో ఉన్నది. గుంటలో నిలువనీరు ఉన్నది. నీరు వదలని వేళ గొట్టములోని ఒత్తిడి తగ్గి, అతుకుల సందులలోనుండి గుంటలోని నీరే లోపలికి పీల్చుకొనబడును. ఆ నీటితో ఎన్నిమారులు కడిగినను గింజలు శుభ్రపడవు. ఇల్లాలి శ్రమ ఆ గుంట యొద్దనే వ్యర్థమగుచున్నది. ఆ గుంటను పూడ్చుట ఇల్లాలి వశము కాదు, పంచాయతీకే సాధ్యము.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుధ్యము, స్త్రీ శిశు అభివృద్ధి వాటిలో చేరియున్నవి. కావున ఈ వేసవిలో పంచాయతీ సభ్యులు ఈ క్రింది పనులపై దృష్టి నిలుపుట అవసరము.

మొదటిది నీరు. ఎత్తైన నీటితొట్టిని కడిగించి, ఆ తేదీని తొట్టిపై వ్రాయించవలెను. గుంటలలోని కొళాయిలను పైకెత్తించి, కారుచున్న అతుకులను బాగుచేయించవలెను. క్లోరిను కలిపినామని తృప్తిపడక, చివరి వీధిలోని కొళాయి వద్ద క్లోరోస్కోపుతో పరీక్ష చేయించవలెను. అచ్చట లీటరు నీటికి 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండ క్లోరిను మిగిలియుండవలెను.

రెండవది అంగన్‌వాడీ కేంద్రము. దేశములో 1975 అక్టోబరు 2న ప్రారంభమైన శిశు అభివృద్ధి సేవలలో భాగముగా ఈ కేంద్రములు ఏర్పడినవి. రేకుల కప్పులున్న చోట పైన తాటాకులో, గడ్డియో కప్పించి చలువ కల్పించవలెను. రెండు మట్టికుండలు, మూతగల గిన్నెలు, చేతులు కడుగుకొనుటకు నీరు, సబ్బు ఏర్పాటు చేయవలెను.

మూడవది ప్రదర్శన. ఒక దినము అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, స్వయంసహాయక సంఘముల మహిళలు కలిసి మధ్యాహ్నము గింజలు నానవేసి, మరునాటి ఉదయము తల్లులందరి ముందు విప్పి, ఉడికించి చూపవలెను. చెడిన మొలకల గిన్నెను గూడ ప్రక్కనుంచి, జిగురు ఎట్లుండునో, వాసన ఎట్లుండునో తెలియజెప్పుట మరచిపోరాదు. ఎవరికైనను విరేచనములు పట్టుకొన్నచో ఓ.ఆర్.ఎస్. ద్రావణము వెంటనే మొదలుపెట్టి ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెనని కూడ చెప్పవలెను.

మేము ఆ గ్రామమున ఆ రాత్రి నిలిచితిమి. మధ్యాహ్నము ఆ సభ్యురాలు కాచి చల్లార్చిన నీటిలో పెసలు మరల నానవేసినది. ఉదయము గుడ్డ తీసి చూడగా తెల్లని చిన్న మొలకలు వచ్చినవి. వాసన చూచి, ఆవిరిపై ఉడికించి, నిమ్మకాయ పిండి, మెత్తగా మెదిపి ముందుగా మనవనికే పెట్టినది. "నా పని నేను చేశాను. ఇక ఆ కొళాయి గుంట సంగతి సర్పంచిగారిని అడుగుతాను" అన్నది. మా సంభాషణము విన్న సర్పంచిగారు ఆ వారపు పనుల పట్టికలో దానిని మొదటి పనిగా వ్రాసికొనిరి.

పంచాయతీ సభ్యులారా! పిడికెడు పెసలు, కుండెడు మంచినీరు, ఒక శుభ్రమైన గుడ్డ ఉన్నచో ఎంత యెండలోనైనను మొలకలు వచ్చును. పెసలు, గుడ్డ ప్రతి ఇంటను కలవు. మంచినీరు ప్రతి ఇంటికి చేరునట్లు చూచుట మీ చేతిలోని పని.